కామకురాలో డబ్బులు కడిగే గుడి: ఆవిడ సరస్వతే

జపాన్‌లోని కామకురాలో, డబ్బులు కడిగే జెనిఅరాయ్ గుడిలో గైడ్ "ఈవిడ మీ సరస్వతే" అన్నారని, డబ్బంటే లక్ష్మి కదా అని అక్కడికి వెళ్లొచ్చిన ఒకరు అడిగారు. గైడ్ చెప్పింది కరెక్టేనండీ.

ఆవిడ పేరు బెంజైతెన్. సువర్ణప్రభాస సూత్రం అనే బౌద్ధ గ్రంథంతో పాటు మన సరస్వతి చైనా మీదుగా అక్కడికి చేరింది. వీణ బదులు చేతిలో బివా అనే తంత్రీవాద్యం ఉంటుంది. ఎనోషిమా, చికుబుషిమా దీవుల్లో ఉన్నవాటిలా, ఆవిడకి పేరున్న గుళ్లు చాలావరకు నీళ్ల మధ్యే. అసలు నదీ దేవత కదా మరి!

ఇక డబ్బు సంగతి. ఉగాజిన్ అని పాము ఒళ్లు, మనిషి తల ఉన్న దేవుడు ఒకాయన ఉన్నాడు, ధాన్యానికీ సంపదకూ ఆయనే దిక్కు. మధ్యయుగాల్లో ఆయన్ని ఈవిడతో కలిపేశారు. అందుకే కొన్ని విగ్రహాల్లో ఆవిడ తల మీద చుట్టచుట్టుకున్న పాము కనిపిస్తుంది. లక్ష్మి కూడా కిచిజోతెన్ పేరుతో వెళ్లింది కానీ, జనంలో పలుకుబడి సరస్వతికే ఎక్కువ. మన ఇళ్లలో సరస్వతి ఉన్నచోట లక్ష్మి నిలవదంటారు. అక్కడ ఇద్దరి పనీ ఒక్కావిడే చూసుకుంటోంది, నాకది భలే నచ్చుతుంది.

జెనిఅరాయ్ గుడికి వెళ్తే అక్కడి గుహలో వెదురు బుట్టలో నాణేలు పెట్టి, ఊట నీళ్లు పోసి కడగండి. నోటైతే అంచు తడిపితే చాలు. ఆ డబ్బు దాచుకోకుండా ఖర్చు పెట్టాలంటారు అక్కడివాళ్లు.