ఇస్తున్నాను, కానీ మనసు రావడం లేదు

ప్రశ్న: మాది చిత్తూరు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో టీచర్ని. మా వారికి వెల్డింగ్ షాపు ఉంది. ఇద్దరి సంపాదనా కలిపితే నెలకు 45,000 రూపాయలు. పెళ్లయిన నాటి నుంచి దశమ భాగం, అంటే సంపాదనలో పదో వంతు, మందిరానికి ఇవ్వడం ఏనాడూ తప్పలేదు. నిరుడు కోతకాల పండుగనాడు కొత్త మందిరం కోసం ఎవరెంత ఇస్తారో మైకులో అడిగారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మరిది 75,000 అన్నాడు. వెంటనే మా వారు లేచి లక్ష అన్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నా గొలుసు తాకట్టు పెట్టి 40,000 కట్టాం. మిగతా 60,000 ఈ క్రిస్మస్ లోపల కట్టాలి. మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ చదువుతోంది, హాస్టల్ ఫీజు బాకీ ఉంది. అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ సంగతి ఎత్తితే మందిరం పని అయ్యాక చూద్దామంటున్నారు. దేవునికి ఇస్తే రెట్టింపుగా తిరిగి వస్తుందని ఆయన నమ్మకం. ఆయన చెడ్డవారు కాదు. మిషన్ హాస్టల్లో పెరిగారు, పదో తరగతితో చదువు మానేసి తమ్ముణ్ని చదివించారు. నేను మాత్రం మూడు నెలలుగా కానుక కవరులోంచి ఆయనకు తెలియకుండా 500 తీసి మా బడి ఆయాకు ఇస్తున్నాను. ఆమె భర్త పోయిన మనిషి, కొడుకుకు కిడ్నీ జబ్బు. ఆ డబ్బు ఇచ్చిన రోజు మనసు తేలికపడుతుంది. ఆదివారం కవరు వేసేటప్పుడు మాత్రం లోపల సణుగుడే. మొన్న ప్రసంగంలో అననీయ, సప్పీరాల గురించి విని వణికిపోయాను. మనసు లేకుండా ఇచ్చే నా కానుకను దేవుడు తీసుకుంటాడా? నేను దొంగనా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆ భయం మీ గుండె మీద కూర్చుని ఉండగా మిగిలిన మాటలేవీ చెవికెక్కవు.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. అననీయ పొలం అమ్మాడు, కొంత దాచుకున్నాడు, మిగిలింది తెచ్చి మొత్తం ఇదేనన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. పేతురు అతన్ని ఏమడిగాడు? అమ్మకముందు అది నీదే కదా, అమ్మిన తర్వాత కూడా ఆ డబ్బు నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. పొలం అమ్మమని అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. సగమే ఇస్తున్నానని చెప్పి సగం ఇచ్చి ఉంటే అతన్ని నిలదీయడానికి ఏమీ ఉండేది కాదు. తక్కువ ఇచ్చినందుకు కాదు, ఇచ్చినదానికంటే పెద్ద దాతగా కనబడాలని అబద్ధమాడినందుకు అతను అక్కడికక్కడే పడి ప్రాణం విడిచాడు. ఈ సంఘటనకు సరిగ్గా ముందు, 4వ అధ్యాయం చివర, బర్నబా తన పొలం అమ్మి డబ్బు తెచ్చిన సంగతి ఉంది. రెండూ కలిపి చదివినప్పుడల్లా, పక్కవాడు ఇచ్చింది చూసి లేచి నిలబడడం ఎంత పాత జబ్బో కదా అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి గమనించండి. దాదాపు మూడు గంటల తర్వాత అతని భార్య సప్పీరా వచ్చినప్పుడు పేతురు ఆమెను విడిగా అడిగాడు. మీ ఆయన చెప్పిందే నీ మాట కూడా అని అనుకోలేదు. నిజం చెప్పడానికి ఆమెకంటూ ఒక అవకాశం ఇచ్చాడు. ఈ భాగాన్ని భార్యలను బెదిరించడానికి వాడడం విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. దేవుని ఎదుట భార్య మనస్సాక్షి వేరు, భర్త మనస్సాక్షి వేరు. ఇద్దరినీ ఆయన విడివిడిగా అడుగుతాడు.

కాబట్టి మీరు సప్పీరా కారు, దొంగా కారు. అయితే ఆ 500 రూపాయలను భర్తకు చెప్పకుండా తీయడం మంచిదని కూడా నేను అనలేను. ఇచ్చిన చోటు మంచిది, దాచిన తీరు మంచిది కాదు. మిమ్మల్ని అడగకుండా ఆయన లక్ష పలికారని మీకు కోపం. ఆయనను అడగకుండా మీరూ ఇస్తున్నారు. మొత్తాల్లో తేడా ఉంది, మీ ఇద్దరి మధ్య పడిన గోడ మాత్రం ఒక్కటే. ఆ గోడను తీయగలిగే స్థితిలో ఇప్పుడు మీరే ఉన్నారు, అందుకే ఈ మాట మీతో అంటున్నాను.

ఇక సంతోషంగా ఇవ్వడం గురించి. అది మీకు రాదని మీరు అనుకుంటున్నారు. ఆయా చేతిలో డబ్బు పెట్టిన రోజు మనసు తేలికపడుతుందని మీరే రాశారు. ఆమె అవసరం మీరు కళ్లారా చూశారు, ఎంత ఇవ్వాలో మీరే నిర్ణయించుకున్నారు, ఎవరూ మైకులో మీ పేరు చదవలేదు. పౌలు కొరింథీయులకు రాసింది సరిగ్గా ఇదే: "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను." ఆ తర్వాతే దేవుడు ఉత్సాహంగా ఇచ్చేవానిని ప్రేమిస్తాడన్నాడు. ముందు హృదయంలో నిశ్చయం, ఆ వెనుక ఉత్సాహం. నిశ్చయించుకునే అవకాశమే మీకు దక్కని చోట ఉత్సాహం రాలేదని మిమ్మల్ని మీరు కొట్టుకుంటున్నారు. ఎంత ప్రార్థించినా సంతోషం రావడం లేదంటే మీ భక్తిలో లోపం ఉందని కాదమ్మా. అది మీ కానుక కాలేదు, అంతే. మీ గొలుసు మాత్రం వెళ్లింది.

పౌలు ఆ మాటలు రాసిన సందర్భం కూడా తెలుసుకోవాలి. యెరూషలేములో పేదరికంలో ఉన్న విశ్వాసుల కోసం ఆయన సంఘాల దగ్గర చందా పోగుచేస్తున్నాడు. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో ఉండి కూడా శక్తికి మించి ఇచ్చాయని మెచ్చుకున్నాడు. మీ వారు బహుశా ఈ వాక్యమే చూపిస్తారు. చూపించనివ్వండి, కాదనకండి. అయితే పేజీ తిప్పకుండా కిందికి చదవమనండి. వాళ్లు తమంతట తామే ఇచ్చారని అక్కడే ఉంది. ఇతరులకు తేలికగానూ మీకు భారంగానూ ఉండాలని నేను చెప్పడం లేదని ఉంది. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇచ్చింది ప్రీతికరమవుతుందని ఉంది. అప్పు చేసి ఇవ్వమన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

రెట్టింపు వస్తుందన్న నమ్మకం గురించి ఆయనతో వాదించకండి. వాదిస్తే మీరు అవిశ్వాసి అయిపోతారు, మాట అక్కడే ఆగిపోతుంది. కానీ మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. సమృద్ధిగా విత్తేవాడు సమృద్ధిగా కోస్తాడని పౌలు అన్నది నిజమే. ఆ కోత దేనికని అడిగితే, మళ్లీ ఇంకొకరికి ఇవ్వగలగడానికి అని అదే అధ్యాయం చెబుతుంది. లక్షకు రెండు లక్షలు వస్తాయని లెక్కకట్టి ఇస్తే అది పెట్టుబడి అవుతుంది. తిరిగి రాకపోతే ఇచ్చినవాడికి దేవుని మీదే అలక వస్తుంది. అలాంటి అలకతో మందిరానికి రావడం మానేసినవాళ్లను నేను చూశాను. మీ వారికి ఆ గతి పట్టకూడదు.

దశమ భాగమంటే, దాన్ని మందిరపు నిధిలోకి తెమ్మనే మలాకీ 3వ అధ్యాయం అందరికీ కంఠస్థం. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం అంతగా వినబడదు. మూడేళ్లకొకసారి ఆ పదియవ భాగాన్ని మీ ఊరిలోనే ఉంచండి, సొంత భూమి లేని లేవీయులూ పరదేశులూ తండ్రి లేనివాళ్లూ భర్త పోయిన స్త్రీలూ తిని తృప్తి పొందాలి అని అక్కడ ఉంది. మీ బడి ఆయా ఆ జాబితాలో ఉంది. ఆమెకు ఇచ్చిన 500 దేవుని సొమ్ములోంచి తీసినట్టు బాధపడుతున్నారు. దేవుని దృష్టిలో అది ఆయన సొమ్ము చేరవలసిన చోట్లలో ఒకటి.

నేను ధారాళంగా ఇవ్వడానికి అడ్డు చెబుతున్నానని మాత్రం అనుకోకండి. మీ ఊరి నుంచి జబ్బుపడినవాళ్లు వెళ్లే వేలూరు ఆసుపత్రినే చూడండి. అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ ఐడా స్కడర్ 1900లో దాన్ని ఒక్క పడకతో మొదలుపెట్టారు. 1902 నాటికి అక్కడ స్త్రీల ఆసుపత్రి లేచిందంటే, ఎక్కడో అమెరికాలో ఒకాయన చనిపోయిన తన భార్య జ్ఞాపకంగా 10,000 డాలర్లు ఇచ్చారు కాబట్టి. పెద్ద కానుకలు పెద్ద మేలు చేస్తాయి. మరోవైపు, పాతతరం తెలుగు క్రైస్తవ స్త్రీలు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు, ఆదివారం దాన్ని మందిరానికి తెచ్చేవాళ్లు. నాకు ఆ పద్ధతి అంటే ఎంతో గౌరవం. చేతిలో రూపాయి ఆడని ఇల్లాలు కూడా అక్కడ దాత. ఎంత తీయాలో ఆమె పిడికిలే నిర్ణయిస్తుంది, పిల్లలకు కూడు మిగిల్చి తీస్తుంది. కోతకాల పండుగ కూడా ఇలాంటి కృతజ్ఞతలోంచి పుట్టిందే. బెల్లం, వేరుశనగ, గుమ్మడికాయ, మామిడి, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి పెట్టే రోజు అది. ఆ రోజున మొత్తాలను మైకులో పలికించడం మానుకోవాలని సంఘ పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు ఇంట్లో అన్నదమ్ముల మధ్య వేలం పెట్టకూడదు.

మీ వారి గురించి ఇప్పుడు. మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేసిన సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. పదో తరగతితో చదువు మాని తమ్ముణ్ని చదివించిన మనిషి ఆయన. ఆ తమ్ముడు అందరి ముందు 75,000 అన్నప్పుడు ఈ అన్నకు లోపల ఏం జరిగి ఉంటుంది? నేను ఎవరికీ తీసిపోలేదని చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఆ క్షణాన ఒక అంకె తప్ప మరేమీ లేదు. తనను పెంచిన హాస్టల్ రుణం తీరలేదన్న భావం కూడా తోడై ఉంటుంది. గర్వం కంటే అందులో గాయమే ఎక్కువని నాకు అనిపిస్తోంది. ఆయన ఏనాడో ఇచ్చిన అతి పెద్ద కానుక తన చదువు. దాన్ని ఎవరూ ఏ మైకులోనూ చదవలేదు. ఆ మాట ఆయనతో మీరు అనండి. ఇన్నేళ్లలో ఎవరైనా ఆయనతో అన్నారో లేదో.

మాట్లాడడానికి ఆదివారం వద్దు, అత్తగారి ముందు వద్దు. షాపు మూసి భోజనం చేశాక ఒక మామూలు రోజు కూర్చోండి. ముందు మీ 500 సంగతి మీరే చెప్పండి. ఆయన కోప్పడవచ్చు, కోప్పడనివ్వండి. ఆ తర్వాత ఆ పండుగ రోజు మనసులో ఏమనిపించిందని అడిగి, చెప్పేదాకా ఆగండి. 'మీ వల్లే' అన్న మాట ఎత్తకండి. లెక్కల కాగితం అదే రోజు తీయకండి, దానికి ఇంకో రోజు ఉంది.

లెక్కల దగ్గరికి వచ్చినప్పుడు ఆయన, మాట ఇచ్చి తప్పితే పాపం అంటారు. మాట తప్పమని నేనూ చెప్పను. గడువు అడగమంటాను. సామెతలు 6వ అధ్యాయంలో ఇతరుల అప్పుకు హామీగా నిలబడి నోటిమాటతో చిక్కుకున్న మనిషికి, త్వరగా వెళ్లి తగ్గించుకుని బతిమాలుకోమని సలహా ఉంది. సంఘ కార్యదర్శి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. నెలకు మీరు తీసే 4,500లో 2,000 మందిరానికి, 500 ఆయాకు, మిగతా 2,000 మామూలు కానుకగా పెడితే, కొత్త అప్పు లేకుండా 30 నెలల్లో ఆ 60,000 తీరిపోతుంది. దశమ భాగం వేరు, మందిరం కానుక వేరు అని ఎవరైనా అనవచ్చు. కొత్త నిబంధన సంఘాలకు రాసిన ఉత్తరాల్లో పౌలు ఎక్కడా శాతం పెట్టలేదు, వర్ధిల్లిన కొలది తీసిపెట్టమన్నాడు. ఈ పంపకం ఇలాగే ఉండాలని కూడా లేదు. మీ ఇద్దరూ కూర్చుని వేరే అంకెలు వేసుకుంటే అవే సరైనవి. కవరు మీద రాసే అంకె ఇద్దరికీ తెలిసి రాసినది కావాలి, నాకు కావలసింది అంతే.

ఆయన ఒప్పుకోకపోతే పాస్టరు గారినో, ఆయన గౌరవించే పెద్దమనిషినో మధ్యలోకి పిలవండి. ఇంకో నగ తాకట్టుకు మాత్రం ఒప్పుకోకండి. గొంతు పెంచనక్కరలేదు, మెత్తగా చెప్పండి, మాట మార్చకండి. అమ్మాయి హాస్టల్ ఫీజు కూడా ఆ అప్పుల లెక్కలో కలపకుండా మీ జీతంలోంచి ముందుగా తీసిపెట్టండి.

అత్తగారి కళ్ల సంగతి ఈ చర్చలన్నిటికీ ముందు రావాలి. తల్లిదండ్రులకు చేయవలసింది దేవునికి అర్పితమని చెప్పి ఎగవేసేవాళ్లను యేసు ఎంత కఠినంగా గద్దించాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది. పైగా శుక్లాల ఆపరేషన్ డబ్బు లేదని ఆపుకోవలసిన పని కాదు. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, చెల్లించలేనివాళ్లకు అక్కడ ఉచితంగా కూడా చూస్తారు. చిత్తూరు నుంచి 70 కిలోమీటర్ల దారి, ఉదయం బస్సెక్కితే చాలు. ఒక రోజు షాపు మూసి, తల్లిని తీసుకువెళ్లే పని మీ వారికే అప్పగించండి.