విమానం జాడ లేకుండా పోతే పరిహారానికి ఏడేళ్ళు ఆగాలా?

ప్రశ్న: మా అన్నయ్య ఉద్యోగం పని మీద కౌలాలంపూర్, బీజింగ్ తిరుగుతుంటాడు. 2014లో మాయమైన మలేషియా విమానం మాట ఇంట్లో వచ్చినప్పుడు మా బాబాయి, "మనిషి కనబడకపోతే ఏడేళ్ళ దాకా చనిపోయినట్టు లెక్క కాదు. విమానం ఎందుకు పోయిందో తేలందే పరిహారమూ రాదు" అన్నారు. నిజమేనా?

జవాబు: మీ బాబాయిగారి మొదటి మాట సగం నిజం, రెండో మాట తప్పు. రెండూ నమ్మి కూర్చున్న కుటుంబం మాత్రం మొత్తానికే నష్టపోతుంది.

ఏడేళ్ళ లెక్క పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111వ సెక్షన్ అయింది. మామూలుగా కబురు తెలియాల్సిన వాళ్ళకు ఏడేళ్ళుగా ఏ కబురూ లేకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడనేవాళ్ళే దాన్ని రుజువు చేయాలని దాని సారాంశం. ఏడేళ్ళలోపు మరణాన్ని రుజువు చేయకూడదని అందులో ఎక్కడా లేదు. ఇంట్లో అలిగి వెళ్ళిపోయిన మనిషి కేసు వేరు, సముద్రం మీద జాడ తప్పిన విమానం ఎక్కిన మనిషి కేసు వేరు. ప్రయాణికుల జాబితాలో పేరుంది, ట్యాంకులో ఇంధనం ఎన్ని గంటలకు సరిపోతుందో లెక్క ఉంది. అలాంటి పరిస్థితుల సాక్ష్యంతోనే కోర్టు మరణాన్ని నిర్ధారించవచ్చు. మీ ఇంట్లో మాట వచ్చిన ఆ మలేషియా విమానం, ఎమ్‌హెచ్ 370, పోయింది 2014 మార్చి 8న, 239 మందితో. 2015 జనవరి 29న మలేషియా పౌర విమానయాన శాఖ దాన్ని ప్రమాదంగా ప్రకటించి, అందరూ మరణించినట్టు భావిస్తున్నామని చెప్పింది. పదకొండు నెలలు కూడా నిండలేదు.

అసలు గండం రెండేళ్ళది. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మన దేశంలో అది 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టంలో మూడో షెడ్యూలు. విమానం గమ్యానికి చేరాల్సిన తేదీ నుంచి రెండేళ్ళలోపు దావా వేయకపోతే హక్కే పోతుందని దాని 35వ అధికరణం. ఆలస్యాన్ని మన్నించమని, దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం కింద అడగడానికి కూడా వీల్లేదు. అదే క్యారేజ్ బై ఎయిర్ చట్టంలోని పాత షెడ్యూలులో ఉన్న ఇలాంటి నిబంధన మీదే సుప్రీంకోర్టు 2022లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కేసులో ఆ మాట తేల్చేసింది. లాయర్ నోటీసు పంపినా, విమాన సంస్థతో బేరం నడుస్తున్నా గడియారం ఆగదు. దావా కోర్టులో పడాల్సిందే. ఏడేళ్ళు ఆగి మరణ డిక్రీ తెచ్చుకున్నవారికి ఆస్తి పంపకానికి అది పనికొస్తుంది గానీ, పరిహారం గడువు ఐదేళ్ళ క్రితమే దాటి ఉంటుంది.

దర్యాప్తు నివేదిక కోసం ఆగడమూ అంతే ప్రమాదం. ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడింది 2009 జూన్ 1న. బ్లాక్ బాక్సులు పైకి వచ్చింది 2011 మేలో, అంటే గడువుకు నెల ముందు. తుది నివేదిక 2012 జూలైలో.

ఇక కారణం సంగతి. ఎమ్‌హెచ్ 370 తెల్లవారుజామున 1.21కి పౌర రాడార్ నుంచి తప్పుకుంది. వెనక్కి తిరిగి మలేషియా ద్వీపకల్పం దాటినట్టు మిలిటరీ రాడార్‌లో 2.22 దాకా కనిపించింది. ఉదయం 8.19 వరకూ ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహానికి దాని సంకేతాలు అందాయి. పైలట్ కావాలనే చేశాడని కొందరు, హైజాక్ అని కొందరు అంటారు. సరుకులో ఉన్న 221 కిలోల లిథియం బ్యాటరీలు అంటుకున్నాయని మరికొందరు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయి అందరూ స్పృహ తప్పారన్న వాదనా ఉంది. 2005లో హీలియోస్ 522 అనే విమానం అలాగే ఇంధనం అయిపోయేదాకా ఆటోపైలట్ మీద తిరిగి గ్రీసులో కూలింది. నా మట్టుకు నాకు మంటల కథ నమ్మబుద్ధి కాదు. మంటలంటుకున్న విమానం ఇంకో ఏడు గంటలు ఎగరడమేమిటి? వెనక్కి మళ్ళిన మలుపు చేత్తో నడిపి తిప్పినదే కావచ్చని మలేషియా దర్యాప్తు బృందం 2018 జూలై నివేదిక చెప్పింది. మూడో వ్యక్తి జోక్యాన్ని కొట్టిపారేయలేమంది. అసలు కారణం తేల్చలేకపోయామని ముగించింది.

ఇందులో ఏది నిజమైనా మొదటి అంచె పరిహారం మారదు. మాంట్రియల్ ఒప్పందం 21వ అధికరణం ప్రకారం ఒక హద్దు వరకు విమాన సంస్థ తన తప్పు లేదని వాదించడానికి వీల్లేదు. ఆ హద్దు 2014లో 1,13,100 ఎస్‌డీఆర్‌లు, 2024 డిసెంబర్ 28 నుంచి 1,51,880. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ప్రమాణం. రూపాయల్లో కోటిన్నర పైమాటే. ఇది అందరికీ ఒకేలా చేతికిచ్చే మొత్తం కాదు. ఆదాయం, ఆధారపడినవారు ఎవరో చూపి మీ నష్టాన్ని మీరే రుజువు చేయాలి. హద్దు దాటిన సొమ్ము ఎగ్గొట్టాలంటే తన నిర్లక్ష్యం లేదని, లేదా తప్పు పూర్తిగా మూడో వ్యక్తిదేనని సంస్థే రుజువు చేయాలి. పైలట్ దాని ఉద్యోగి, కాబట్టి పైలట్ కథ నిజమైతే తప్పించుకోలేదు. హైజాక్ అంటే హైజాక్ జరిగిందని చూపాలి. కారణం తేలలేదంటే ఆ రుజువు సంస్థ చేతిలో లేదన్నమాటే. తయారీదారు మీద దావా వేస్తే మాత్రం భారం తిరగబడుతుంది. లోపం ఎక్కడుందో మీరే చూపాలి, శకలాలు లేకుండా అది దాదాపు అసాధ్యం. ఎమ్‌హెచ్ 370 మీద అమెరికాలో వేసిన కేసులను మలేషియాలోనే తేల్చుకోవాలంటూ 2018లో కొట్టేశారు. 2020లో అప్పీలూ పోయింది.

దావా ఎక్కడ వేయాలన్నది టికెట్ బట్టి ఉంటుంది. హైదరాబాద్ నుంచి బీజింగ్‌కు రానుపోను ఒకే టికెట్ అయితే చట్టం దృష్టిలో గమ్యం హైదరాబాదే, అంటే మన దేశంలోనే వేయవచ్చు. పోవడానికి మాత్రమే టికెట్ కొంటే గమ్యం బీజింగ్. అప్పుడు మీ అన్నయ్య శాశ్వత నివాసం ఇక్కడే అయి, ఆ సంస్థ ఇక్కడికి విమానాలు నడుపుతుంటే ఇంకో దారి ఉంది. కాబట్టి ఈ-టికెట్ కాపీ ఇంట్లో ఒకరి మెయిల్‌లో ఉండేలా చూడండి. మొదట్లో సంస్థ ఇచ్చే అడ్వాన్సు తీసుకోవచ్చు, తర్వాత వచ్చే మొత్తంలో సర్దుతారు. రసీదు మీద ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాట ఉంటే మాత్రం సంతకం పెట్టకండి.

మిలిటరీ విమానానికి ఇవేవీ వర్తించవు. 2016 జూలై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ మాయమైన వాయుసేన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. అక్కడ దారి సర్వీసు నిబంధనలు, కుటుంబ పింఛను.

జీవిత బీమా ఉంటే ప్రీమియం ఆపకండి. ఎల్‌ఐసీ వర్సెస్ అనురాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు, ఏడేళ్ళు గడిస్తే మరణాన్ని ఊహించవచ్చు గానీ మరణ తేదీని ఊహించరాదంది. మనిషి కనబడకుండా పోయాక ప్రీమియం కట్టక ల్యాప్స్ అయిన పాలసీల మీద ఆ కేసులో పూర్తి సొమ్ము రాలేదు.