ఊడలు దిగే కాలం

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన ఐదు అధ్యాయాలూ అందాయి. అధ్యాయాలను ఒకసారి గబగబా చదివాను, మరోసారి పెన్సిలు చేతబట్టుకొని చదివాను. ఉత్తరంలో నువ్వు నీ రచన గురించి కంటే మీ గదిలో జరిగిన వాదన గురించే ఎక్కువ రాశావు కాబట్టి నేనూ అక్కడినుంచే మొదలుపెడతాను. నలుగురు కలిసి 'బెటర్ కాల్ సాల్' అనే అమెరికా టీవీ సీరియల్ చూడటానికి కూర్చున్నారనీ, ఇద్దరు మూడో ఎపిసోడు దగ్గరే లేచిపోయారనీ, ఒకతను ఒకటిన్నర వేగం పెట్టుకొని చూస్తూ 'ఇప్పుడు బాగానే నడుస్తాంది' అన్నాడనీ, నువ్వొక్కడివే చివరిదాకా ఉన్నావనీ రాశావు. 'బ్రేకింగ్ బ్యాడ్' అనే నేరకథ సీరియల్‌ను దసరా సెలవుల్లో ఊపిరి తీసుకోకుండా ముగించినవాళ్ళే దాని పూర్వకథను భరించలేకపోతే, నేరకథకు పూర్వకథ రాస్తున్న నా గతి ఏమిటన్నది నీ ప్రశ్న.

లేచిపోయిన ఆ ఇద్దరినీ తక్కువ చేసి చూడవద్దు నాయనా. వాళ్ళ ఫిర్యాదులో న్యాయముంది. మూలకథలోని సాల్ అనే వకీలు పేరు మొదటి రోజునుంచీ టైటిల్లోనే ఉంది. కానీ జిమ్మీ మెగిల్ అనే మనిషి ఇకమీదట ఆ పేరుతోనే వకాలతు చేస్తానని చెప్పేది నాలుగో సీజన్ చివర, అంటే 40వ ఎపిసోడులో. 2015 ఫిబ్రవరిలో చూడటం మొదలుపెట్టినవాడు ఆ ఒక్క మాట కోసం 2018 అక్టోబరు దాకా కాచుకోవలసి వచ్చింది. అసలు కథ 62 ఎపిసోడుల్లో ముగిస్తే, దానికి ముందు ఏం జరిగిందో చెప్పడానికి 63 పట్టాయి. పెళ్ళికంటే పెళ్ళిచూపులే ఎక్కువ రోజులు జరిగితే చుట్టాలు సణుక్కోరా?

దీనికితోడు మనవాళ్ళకు పూర్వకథ అంటే వేరే అలవాటొకటి ఉంది. మన సినిమాలో అది ఇంటర్వెల్ తర్వాత వస్తుంది. పట్నంలో అణిగిమణిగి బతుకుతున్న మనిషి మీద ఎవడో చెయ్యి వేస్తాడు, పక్కనున్న పెద్దాయన 'ఆయన ఎవరో తెలుసా' అంటాడు, వెంటనే తెరమీదకు మన సీమ రాళ్ళగుట్టలూ, తెల్లచొక్కాలూ, సుమోలూ వచ్చి నలభై నిమిషాల్లో పని ముగించుకొని వెళ్ళిపోతాయి. (ఆ నలభై నిమిషాల్లో మన జిల్లాలవాళ్ళందరి చేతుల్లోనూ వేటకొడవళ్ళే కనిపిస్తాయి, ముప్పై ఏళ్ళు వకీలు గుమాస్తాగా కోర్టు వరండాలో నిలబడిన నాకు మాత్రం దస్తావేజుల కట్టలు పట్టుకున్న చేతులే ఎక్కువ కనిపించాయి.) ఇట్లాంటి ఫ్లాష్‌బ్యాకులు చూసి పెరిగిన కంటికి, ఏడేళ్ళయినా ముగియనంటున్న ఫ్లాష్‌బ్యాకును చూపిస్తే విసుగు పుట్టడంలో వింతేముంది?

అయితే వాళ్ళు 'నెమ్మది' అని ఒకే మాటతో కొట్టిపారేసిన దాంట్లో రెండు వేరువేరు సరుకులున్నాయి. వాటిని నువ్వు విడదీసి చూడకపోతే మంచి అధ్యాయాన్ని కోసేసి చెడ్డదాన్ని ఉంచుకుంటావు. నీ రాతప్రతి మార్జిన్లలో పెట్టుకున్న గుర్తులు చూస్తే ఆ పని ఇప్పటికే మొదలుపెట్టినట్లున్నావు.

పూర్వకథ రాసేవాడు 'ఏమవుతుంది' అనే ప్రశ్నను ముందే ఖర్చుపెట్టేసుకొని కూర్చున్నవాడు. మైక్ అనే ముసలి మాజీ పోలీసు మీద ఎన్ని తుపాకులు గురిపెట్టినా మనకు భయం వేయదు, ఎందుకంటే అతను తర్వాతి కథలో బతికే ఉంటాడని మనకు తెలుసు. ఇక మిగిలిన పెట్టుబడి 'ఎట్లా' అన్నదొక్కటే, అది కాలం తినకుండా పండదు. మూడో సీజన్ మొదటి ఎపిసోడులో తన కదలికలను ఎవరో కనిపెడుతున్నారని మైక్‌కు అనుమానం వస్తుంది. కారును పాత ఇనుము యార్డుకు తోలుకుపోయి, సీట్లతో సహా ముక్కముక్కా ఊడబీకి వెతుకుతాడు; ఏమీ దొరకదు. వేరే కారులో ఇంటికి బయలుదేరబోతూ, అక్కడ అమ్మకానికి పెట్టిన పెట్రోలు ట్యాంకు మూతలను చూసి ఆగుతాడు. తన కారు మూత తెప్పించుకొని పగలదీస్తే అందులో ఉంటుంది, కారు ఎక్కడుందో వాళ్ళకు తెలియజేసే ఆ చిన్న యంత్రం. చిన్న రచయిత అయితే దాన్ని దొరికించి చప్పట్లు కొట్టించుకొని తర్వాతి సీనుకు వెళ్ళిపోతాడు. ఇక్కడ కథ అప్పుడు మొదలవుతుంది. మైక్ అట్లాంటిదే ఇంకొక యంత్రం సంపాదించి, తనదాన్ని మూతలో పెట్టి, వాళ్ళదాని బ్యాటరీని ఇంట్లో కూర్చొని రేడియోకు తగిలించి ఖాళీ చేస్తాడు. బ్యాటరీ అయిపోతోందని తెలిసి అర్ధరాత్రి ఎవడో వచ్చి మార్చిపోతాడు, వాడు పట్టుకుపోయింది మైక్ పెట్టిన యంత్రాన్ని! ఇంతసేపూ మాటలు దాదాపు లేవు. వేటగాడు వేటగా మారడం మన కళ్ళముందే, మనం లెక్క వేసుకుంటుండగా జరుగుతుంది. మీ గదిలోని కుర్రవాడు ఒకటిన్నర వేగంతో చూసింది ఈ సీనునే అయితే అతను మిగుల్చుకున్నది కొద్ది నిమిషాలు, పోగొట్టుకున్నది లెక్క వేసుకొనే అవకాశం.

ఇది తెరకు మాత్రమే చెల్లుతుందని అనుకుంటావేమో, నేను నేర్చుకున్నది కోర్టులో. ఒక హత్య కేసులో మా వకీలుగారు ముద్దాయి తరఫున ఉన్నారు. సాక్షి ఒక నడివయసు రైతుకూలీ. ముద్దాయి ఆ సాయంత్రం ఇంటికొచ్చాడా అని ప్రభుత్వ వకీలు అడిగితే, ఆమె ఊరి బోరు ఎండిపోయిన సంగతి ఎత్తుకుంది. వంకలో చెలమ తోడుకోవడం, ఒక బిందె నిండాలంటే ఎంతసేపు కూర్చోవాలో, ఆ బిందెతో రెండు మైళ్ళు నడవడం, మధ్యలో కాలు జారి సగం ఒలికిపోతే ఆమె ఏడ్చిన ఏడుపు అంతా చెప్పింది. ఈ నీళ్ళ గోల ఎందుకని మా వకీలుగారు అభ్యంతరం చెప్పడానికి లేవబోయి, 'చెప్పనీలే, మనకేం నష్టం' అని నా వైపు చూసి కూర్చున్నారు. టైపిస్టు వేళ్ళు నెమ్మదించాయి, పై ఫ్యాను తప్ప మరేమీ కదలడం లేదు. అప్పుడామె అంది: "నీళ్ళడిగినాడు సామీ. చెంబిచ్చినా. తాగలే. ముందు చేతులు కడుక్కున్యాడు."

న్యాయమూర్తి తల ఎత్తారు. కరువు నడిమధ్యలో, దప్పిగొని వచ్చిన మనిషి, తాగే నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. ఆ ముక్కే ఆమె మొదట చెప్పి ఉంటే కోర్టులో ఒక్క తల కూడా లేచేది కాదు. ఆ చెంబెడు నీళ్ళ ఖరీదు మాకు ఆమె ముందే నేర్పింది కాబట్టి లేచింది. మధ్యాహ్నం టీ తాగుతూ మా వకీలుగారు 'ఆ బిందె దగ్గరే ఆపి ఉండాల్సింది' అన్నారు. ఆ మాట నాకు ఏ రచనా పాఠమూ నేర్పనంత నేర్పింది.

అట్లాగని నెమ్మదిగా రాసిందల్లా బిందె మోయడం కాదు. నా సంగతే చెబుతాను. ఒక వారపత్రికలో నా హత్యకథ సీరియల్‌గా బాగా ఆడిన మరుసటి సంవత్సరం, ఆ హంతకుడి పూర్వకథ రాస్తానని నేనే అడిగి మరీ ఒప్పుకున్నాను. మొదటి ఆరు వారాలూ అతని బాల్యం, అతని తాత, తాత ఎద్దులు, ఎద్దులను అమ్ముకున్న సంత. ఏడో వారం నుంచి కార్డులు రాసాగాయి. 'అయ్యా, తమరి ఎద్దులు క్షేమమేనా?' అని ఒకాయన రాశాడు. సంపాదకుడు ఇంకో నాలుగు వారాల్లో ముగించమన్నాడు. పాఠకులకు ఓపిక లేదని పదేళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాను. తర్వాత తీసి చదివితే, ఆ ఆరు వారాల్లో ఎవరూ అడగని ప్రశ్నలకు తీరిగ్గా జవాబులు చెబుతూ కూర్చున్నానని తెలిసింది. అతను ఎవరి మనవడో తెలిసినందువల్ల అతను ఎత్తిన కత్తి గురించి కొత్తగా తెలిసింది శూన్యం.

నా దృష్టిలో 'బెటర్ కాల్ సాల్' కూడా కొన్నిచోట్ల ఈ ఎద్దుల సంతలో చిక్కుకుంది. నాలుగో సీజన్‌లో భూమికింద మత్తుమందు తయారుచేసే ల్యాబును తవ్వడం చూపిస్తారు. ఆ ల్యాబు పూర్తవుతుందని మనకు ముందే తెలుసు, దాన్ని ఎవరు తవ్వారని మనం ఎన్నడూ అడగలేదు. ఆ భాగం నిలబడిందంటే వెర్నర్ అనే జర్మన్ ఇంజనీరు వల్లనే. భార్యను చూడక ఉండలేని ఆ మనిషి మనకు కొత్త, అతనికి ఏమవుతుందో మనకు తెలియదు. కిమ్ కూడా అంతే. జిమ్మీ పక్కనే నడిచే ఈ లాయరు పేరు మూలకథలో ఒక్కసారి కూడా వినిపించదు. ఆ లేకపోవడమే ఆరు సీజన్లు మనల్ని భయపెడుతుంది: చచ్చిపోయిందా, వెళ్ళిపోయిందా? తెలిసిన ముగింపు పక్కన తెలియని మనిషిని నిలబెట్టడం పూర్వకథ రాసేవాడికి పెద్ద అండ. నీ నవలికలో అట్లాంటి మనిషి ఉంది, ఆమె దగ్గరకు వస్తాను.

ఈలోగా తోలుబొమ్మలాట గుర్తొస్తోంది. మాకు ధర్మవరం దగ్గర చుట్టాలుండేవారు. నిమ్మలకుంట బొమ్మలవాళ్ళు ఆట కడితే ఊరంతా చాపలతో వెళ్ళేది. రావణుడు చస్తాడని తెలియని పసివాడు కూడా ఆ జనంలో ఉండడు, అయినా తెల్లవారేదాకా చూసేవారు. అయితే అందరూ మెలకువగా ఉండేవారన్నది అబద్ధం. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించి వెళ్ళగానే నేను నిద్రపోయేవాణ్ణి, యుద్ధం రాగానే మా అమ్మ తట్టి లేపేది. మూడో ఎపిసోడు దగ్గర లేచిపోయిన మీ మిత్రులు కోరేదీ అదే, యుద్ధం వచ్చినప్పుడు లేపమని. ఆటలో అది కుదురుతుంది, పక్కన అమ్మ ఉంటుంది. పుస్తకం పట్టుకొని ఒంటరిగా పడుకున్న పాఠకుణ్ణి లేపడానికి పక్కన ఎవరూ ఉండరు. అతను కునికితే ఆ పేజీతోనే నీకూ అతనికీ తెగిపోయినట్టు.

ఇక నీ అధ్యాయాలు. నీ మొదటి నవలికలో దస్తావేజు లేఖరి చచ్చిపోయిన మనిషి వేలిముద్రతో పత్రం పుట్టించి జైలుకు వెళ్ళాడు. ఇప్పుడు అతను అంతదాకా ఎట్లా వచ్చాడో రాస్తున్నావు. రెండో అధ్యాయంలో అతను తాడిపత్రి నుంచి అనంతపురానికి బస్సులో వస్తాడు. పదకొండు పేజీలు. వర్ణన బాగుంది, కిటికీలోంచి కనిపించే బండల ఫ్యాక్టరీల తెల్లదుమ్ము మరీ బాగుంది. కానీ బస్సెక్కిన మనిషే బస్సు దిగాడు. తీసెయ్. దుమ్ము మీద మనసు చావకపోతే ఒక వాక్యం ఉంచుకో.

మూడో అధ్యాయం పక్కన 'చాలా స్లో, సగానికి తగ్గించాలి' అని రాసుకున్నావు. దాని జోలికి పోవద్దు. ముసలామె వీలునామా రాయించుకోవడానికి వస్తుంది. జీవితమంతా శెనక్కాయ పీకి, ఒలిచి, ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ముద్ర పడుతుందో లేదోనని లేఖరి ముందు ఒక తెల్లకాగితం మీద వేయించి చూస్తాడు, మసకగా పడుతుంది. తడిగుడ్డతో వేలు తుడిచి రెండో తెల్లకాగితం మీద వేయిస్తాడు, కాస్త నయం. మూడోసారి అసలు పత్రం మీద వేయిస్తాడు. ఆమె తన కోడలి గురించి మాట్లాడుతూనే ఉంటుంది. ఆ మాటల మధ్యలో అతను ఆ రెండు తెల్లకాగితాలనూ చించకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటాడు. ఇది నువ్వు ఒక్క విశేషణం వాడకుండా రాశావు. ఆ సీరియల్లోనూ జిమ్మీ ఒక రాత్రి జిరాక్సు దుకాణంలో కూర్చొని, వకీలైన తన అన్న కేసు కాగితాల్లో చిరునామాలోని 1261 అనే అంకెను కత్తిరించి, అతికించి 1216 చేస్తాడు. రెండు అంకెలు చోటు మారినందుకు అన్నదమ్ములిద్దరూ మళ్ళీ కలవలేనంత దూరం పోతారు. నీ మడత కాగితాలు ఆ అంకెలకు తీసిపోవు.

మన శెనక్కాయ చేను సంగతి నీకు చెప్పాలా? నలభై, నలభై అయిదు రోజులకు పూలు పూసి, ఊడలు మట్టిలోకి దిగే సమయంలో పైనుంచి చూస్తే ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. పొరుగు జిల్లావాడు చూస్తే పంట ఆగిపోయిందనుకుంటాడు. అప్పుడు ఎవరూ గుంటక తోలరు, తోలితే ఊడలు తెగుతాయి. అనుమానమొస్తే ఒక చెట్టు పీకి చూస్తారు. నీ మూడో అధ్యాయాన్ని పీకి చూశాను, కింద కాయ ఉంది. రెండోదానికి ఆకు మాత్రమే ఉంది. నాలుగు, అయిదు ఇంకా పచ్చిగా ఉన్నాయి, వాటి గురించి ఇప్పుడే ఏమీ చెప్పను. ఒక్కటి మాత్రం, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా అంత తేలిగ్గా లంచం పేరెత్తడు. ముందు ఎండల గురించి మాట్లాడతాడు.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మిగిలిన అధ్యాయాలు పట్టుకురా. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు. వచ్చేలోపు ఒక కార్డుముక్కయినా రాయి: ఆ ముసలామె అతనికి మళ్ళీ ఎదురుపడుతుందా? ఆ రెండు కాగితాలూ చొక్కా జేబులోనే ఉండగా అతని భార్య చొక్కా ఉతకడానికి తీసుకున్నట్టు అయిదో అధ్యాయం చివర రాశావు, ఆమె జేబు తడిమి చూసిందా లేదా?

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దాయన