వ్యాసం చెప్పి రాయించకు, అమ్మలూ

అమ్మలూ,

ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లల చేత గైడ్లు మాన్పించి సొంతంగా వ్యాసాలు రాయిస్తావటగా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను, రాత్రయ్యేసరికి టెన్షనూ పట్టుకుంది. పిల్లలు ఎలాగో రాస్తారు, రాసింది చదివి నువ్వేమంటావన్నదే నా బెంగ.

దస్తూరీ, గడువులు నీకు చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక స్కూల్లో తెలుగు మాస్టారు పాఠం అద్భుతంగా చెప్పేవారు. ఓసారి కాటన్ దొర మీద వ్యాసం రాయమన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, డెల్టా అన్నపూర్ణ అయింది అని అందరూ ఒకటే రాశారు. శివారు ఊరి నుంచి వచ్చే ఒక పిల్ల మాత్రం, ఆనకట్ట మంచిదే గానీ దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతులవారీ నీళ్లిచ్చేటప్పుడు మా చేను దాకా ఎందుకు రావు, పైవాళ్లు ఎక్కువ పెట్టేసుకుంటున్నారా, కాలవ పూడిపోయిందా అని రాసింది. ఆయన దాన్ని క్లాసులో చదివి వినిపించి మరీ ఎర్ర సిరాతో 'అప్రస్తుతం' అని కొట్టేశారు. ఆ తర్వాత అది గైడులో ఉన్నది కామాలతో సహా దింపేది, మార్కులూ బాగానే వచ్చేవి. ఆ మార్కులు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. క్లాసు మొత్తంలో ఆలోచించింది అదొక్కతే కదే! 'ఆ రెంటిలో ఏది నిజమో కాలవకి నీళ్లు వదిలే లస్కరునడిగి రా' అంటే సరిపోయేది.

అందుకని శీర్షిక ఇవ్వకు, ప్రశ్న ఇవ్వు. 'చేపల చెరువులు' అంటే గైడే దింపుతారు. 'వరిచేను చెరువైతే ఎవరికి లాభం, ఎవరికి నష్టం' అంటే చెరువు రైతునీ, ఊడ్పుల పని పోయిన కూలీనీ, పక్క చేను ఉప్పెక్కిందనే ఆసామినీ అడిగి రావాలి. 2011లో కోనసీమలో చాలామంది రైతులు పంట విరామమని సార్వా, అంటే తొలి పంట, వెయ్యలేదు, అది సబబేనా అని అడుగు. తమకి నచ్చని వాదన కూడా, ఆ వైపువాళ్లు చదివి 'మేమనేది ఇదే' అనేలా ఒక పేరా రాయించు. మొదటిసారి మార్కులు వెయ్యకు, మార్జిన్లో 'నీకెలా తెలుసు?' అని రాసి తిరిగిచ్చెయ్. అచ్చుతప్పులు రెండోసారి చూడొచ్చు.

ఊళ్లోవాళ్ల పేర్లు మాత్రం రాయనివ్వకు. ఏ చెరువు ఎవరిదో నీకింకా తెలియదు. నువ్వు బదిలీ మీద వెళ్లిపోతావు, రాసిన పిల్ల ఆ వీధిలోనే ఉండాలి. పెద్దమ్మకి అన్నీ భయాలే అంటావు, అనుకో, ఇదొక్కటీ మాత్రం వినాలి.

పేపర్లు ముందేసుకుని అన్నం మానేస్తావని నాకు తెలుసు, వేళకి తిను. దసరా సెలవులకి మొదటి కట్ట పట్టుకురా, నాకూ చదవాలనుంది.

పెద్దమ్మ