ఎర్ర లైటు మిణుకుతున్న పాత నింటెండో: కొత్త కనెక్టర్ కొనే ముందు ఇవి చూడండి

క్యాసెట్‌ను లోపల పట్టుకునే ఆ కనెక్టర్ కొత్తదానికి అప్పుడే ఆర్డరు పెట్టకండి. అమెరికా నుంచి వచ్చినవారి దగ్గర కొన్న నింటెండో ఎన్‌ఈఎస్ వీడియో గేమ్ కన్సోల్‌లో క్యాసెట్ పెట్టి ఆన్ చేస్తే ఎర్ర లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతోందని, టీవీలో బూడిద రంగు తప్ప ఏమీ రావడం లేదని మీరు రాశారు. కంగారు పడాల్సిన లక్షణం కాదు ఇది. నేను కొన్నదీ ఇదే స్థితిలో చేతికొచ్చింది, ఇప్పుడు నిక్షేపంలా ఆడుతోంది.

అమెరికాలో 1985లో వచ్చిన ఈ కన్సోల్‌లో అనుమతి లేని క్యాసెట్లను అడ్డుకునే తాళంలాంటి ఒక లాకౌట్ చిప్ ఉంటుంది, దాని జోడీ అసలు క్యాసెట్‌లో ఉంటుంది. ఆన్ చేసినప్పటి నుంచి ఆ రెండూ సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉండాలి. పొంతన కుదరకపోతే కన్సోల్ మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. ఆ మిణుకు అదే. అంటే కరెంటు అందుతోంది, చిప్ బతికే ఉంది, మధ్యలో ఎక్కడో లోహానికి లోహం సరిగ్గా తగలడం లేదు. క్యాసెట్ తీసేసి ఆన్ చేసినా ఇలాగే మిణుకుతుంది, చూడండి. నాకు అమ్మినాయన ఖాళీ కన్సోల్‌నే ఆన్ చేసి ‘లైటు వస్తోంది, చూసుకోండి’ అన్నాడు. లైటు రావడం వేరు, ఆట రావడం వేరు!

ముందు క్యాసెట్ సంగతి చూడాలి. దయచేసి నోటితో ఊదకండి. తొంభైలలో మనందరం చేసిన పనే అది, కానీ నోటి తేమ ఆ పిన్నులకు మెల్లగా చిలుము పట్టిస్తుంది. మొబైల్ రిపేరు సామాను అమ్మే దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా అడగండి. ఇయర్ బడ్‌ను అందులో ముంచి, పిండి, పిన్నుల పొడవునా రుద్దండి. నేను వాడిన మొదటి బడ్ కాటుక పెట్టుకున్నట్టు నల్లగా వచ్చింది. బడ్ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండాలి, వెనుక వైపు కూడా. ఉప్పుకాగితం జోలికి వెళ్లవద్దు, పైపూత లేచిపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పూర్తిగా ఆరాక పెట్టి చూడండి. వీలైతే ఇంకో క్యాసెట్‌తోనూ చూడండి. ఒకటి ఆడి ఇంకొకటి ఆడకపోతే లోపం ఆ రెండోదానిదే.

ఇంట్లో మన పాత వీడియో గేమ్ పసుపు క్యాసెట్లు ఉంటే వాటితో పరీక్షించాలని చూడకండి. అవి ఫ్యామికామ్ (ఎన్‌ఈఎస్‌కు జపాన్ రూపం) పద్ధతిలో 60 పిన్నులవి, దీనికి 72 కావాలి.

నాకు క్యాసెట్ శుభ్రం చేసినా మిణుకు పోలేదు. కింది స్క్రూలు విప్పి, పై మూత, లోహపు కవచం, క్యాసెట్ ట్రే తీశాను. 72 పిన్నుల కనెక్టర్ వెనక్కి లాగితే వచ్చేస్తుంది. అందరూ ఆ కనెక్టర్‌నే తిడతారు గానీ, అది పట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డు అంచును ఎవరూ పట్టించుకోరు. నా దాంట్లో ఆ అంచే మసకబారి, ఒక మూల ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని తుడిచి, కనెక్టర్‌ను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, బాగా ఆరబెట్టి బిగించాను. లైటు నిలిచింది, బొమ్మలు మాత్రం గీతలు గీతలుగా వచ్చాయి. కనెక్టర్‌ను ఇంకోసారి తీసి పెడితే అవీ సర్దుకున్నాయి. కొత్తగా అమ్మే కనెక్టర్లలో చాలావాటి పట్టు మరీ గట్టిది, క్యాసెట్ బయటికి లాగడమే ఒక యుద్ధం. అందుకే అసలుదాన్ని బాగు చేసుకోవడమే మేలంటాను.

లాకౌట్ చిప్ నాలుగో కాలు కత్తిరించమని ఎవరైనా చెబుతారు. మిణుకు ఆగే మాట నిజమే, కానీ మురికి అలాగే ఉంటుంది కాబట్టి మిణుకే తెర బదులు కదలని ఖాళీ తెర చూస్తారు. యూరప్ క్యాసెట్‌ను అమెరికా కన్సోల్‌లో పెడితే మాత్రం ఎంత తుడిచినా మిణుకు తప్పదు, ఎందుకంటే ఆ తాళాలే వేరు. మీ క్యాసెట్ ఎక్కడిదో ఒకసారి అడగండి.

అడాప్టర్ గురించి మీరు రాయలేదు. అమెరికా అడాప్టర్ 120 వోల్టులకు చేసింది, మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నారనుకుంటాను. లేదంటే కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట 9 వోల్టుల డీసీ అడాప్టర్, ఒక ఆంపియర్‌కు పైబడినది, జాక్ సరిపోయేది తీసుకోండి. ఎన్‌ఈఎస్ లోపల ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంది కనుక ప్లస్ మైనస్ తిరగబడినా ఫరవాలేదు. అసలు అడాప్టర్ మాత్రం ఏసీ ఇస్తుంది, దాన్ని సెగా మెగా డ్రైవ్, ఫ్యామికామ్ లాంటి వేరే కన్సోళ్లకు తగిలించారంటే అవి పాడవుతాయి.

తుడిచాక లైటు నిలకడగా ఉండి, రెండు మూడు క్యాసెట్లతోనూ బొమ్మ రాకపోతే తెర ఏ రంగులో ఉందో రాయండి. మల్టీమీటర్ ఉంటే లోపలి 7805 రెగ్యులేటర్ నుంచి 5 వోల్టులు వస్తున్నాయో లేదో కూడా చూసి చెప్పండి.