బజారు బాబాయ్: పొగ రాని సిగరెట్టు, నిప్పు మింగే చుట్ట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సరుకు గురించి. కాల్చకుండా వేడి చేసి పీల్చే సిగరెట్టు. పూర్ణా మార్కెట్‌లో సిగరెట్ల ఏజెన్సీ లెక్కలు రాసినవాణ్ణి, ఆ తర్వాత వ్యానెక్కి గాజువాక నుంచి భీమిలి దాకా పాన్‌షాపులకు సరుకు వేసినవాణ్ణి కాబట్టి నన్నే అడుగుతున్నారు. డాక్టరు చెప్పాల్సినవి డాక్టర్లనే అడగండి. బజారు సంగతులు నేను చెబుతాను.

*బాబాయ్ గారూ, మావారు షిప్‌లో ఇంజినీరు. పోయిన ట్రిప్పులో జపాన్ నుంచి పెన్నులాంటి మెషిన్ ఒకటి తెచ్చుకున్నారు. పొట్టి సిగరెట్టు లాంటి స్టిక్ అందులో దూర్చి పీలుస్తారు. "ఇది పొగ కాదు, ఆవిరి, పాపకేం కాదు" అంటూ బెడ్‌రూమ్‌లోనే తాగుతున్నారు. తెచ్చుకున్న స్టిక్కులు అయిపోయాయి. ఇప్పుడు ఎవరో కుర్రాడు మెసేజ్ పెడితే బైక్ మీద తెచ్చిస్తున్నాడు. పెట్టె పన్నెండు వందలట. ఇది మంచిదేనా? పోలీసుల గొడవేమైనా వస్తుందా?*
— పేరు వద్దన్న పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

అమ్మా, ఆవిరి సంగతి తర్వాత. ముందు మీ ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుందో చూడండి. సిగరెట్టు కాలిపోతే మిగిలేది బూడిద, పీక. ఈ స్టిక్ కాలదు కాబట్టి తాగేశాక కూడా లోపల పొగాకు అలాగే ఉంటుంది, అందులో ఇంకా నికోటిన్ మిగిలి ఉంటుంది. కొత్త రకం మెషిన్ల స్టిక్కుల్లో పొగాకు మధ్య సన్నని లోహపు ముక్క కూడా పెడతారు. మింగకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు అని పెట్టె మీదే రాసి ఉంటుంది. జపనీస్‌లో ఉన్న పెట్టె మీద అది మనకు అర్థం కాదు, అంతే. పాకే వయసు పిల్లకి ఆ ముక్క చాక్లెట్‌తో సమానం. నోట్లో పెట్టుకుందని అనుమానం వచ్చినా సరే, ఇంట్లో ఉప్పునీళ్లు తాగించే వైద్యాలు చేయకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ పెట్టె కూడా చేతిలో పట్టుకెళ్లండి.

ఇక ఆవిరి. మీవారు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. సిగరెట్టు పీల్చేటప్పుడు నిప్పు దగ్గర వేడి 800 డిగ్రీలు దాటుతుంది. ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ల కంపెనీ అమ్మే ఐకాస్ లాంటి మెషిన్ 350 డిగ్రీల దాకానే వేడి చేస్తుంది. మంట లేదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, తారు లాంటివి బాగా తగ్గుతాయి. 2020 జూలైలో అమెరికా ఆహార ఔషధ శాఖ (ఎఫ్‌డీఏ), సిగరెట్లు పూర్తిగా మానేసి దీనికి మారితే హానికర రసాయనాలు ఒంట్లోకి వెళ్లడం తగ్గుతుందని చెప్పుకోవడానికి కంపెనీకి అనుమతి ఇచ్చింది. జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి మాత్రం ఇవ్వలేదు. బజారులో ఈ రెండో మాట ఎవరూ చెప్పరు.

తక్కువ అంటున్నారు సరే, దేనితో పోలిస్తే తక్కువ? సిగరెట్టుతో. మీ పాప నిన్నటిదాకా సిగరెట్లు తాగి ఇవాళ దీనికి మారలేదు కదా! ఆ పిల్ల పీల్చేది మామూలు గాలి. దానితో పోలిస్తే ఇది ఎక్కువే. తాగక తప్పదంటే ఆయన్ని బాల్కనీలోకి పొమ్మనండి.

పోలీసుల సంగతి. మన దేశంలో 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం వచ్చింది. చాలామంది అది ఫ్లేవర్ నీళ్లు పోసే వేప్‌లకే అనుకుంటారు. కాల్చకుండా వేడి చేసే సరుకులను కూడా చట్టం నిర్వచనంలోనే పేరు పెట్టి చేర్చారు. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. నిల్వ పెట్టడానికి శిక్ష వేరే ఉంది. తాగేవాణ్ణి నేరుగా శిక్షించే సెక్షన్ ఆ చట్టంలో లేదు గానీ, బ్యాగులో పెట్టుకుని దేశంలోకి తేవడం దిగుమతే. "నా సొంతానికి" అంటే కస్టమ్స్‌వాళ్లు వినాలని లేదు. మీవారిది సీడీసీ, అంటే ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం, దాని మీద నడిచే ఉద్యోగం. కేసంటూ పడితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆయనకే బాగా తెలుసు.

బైక్ కుర్రాడి లెక్క కూడా చూడండి. ఇరవై స్టిక్కుల పెట్టె జపాన్‌లో 600 యెన్లకు అటూఇటుగా దొరుకుతుంది, అంటే మన డబ్బుల్లో మూడు నాలుగు వందలు. మీరిచ్చేది పన్నెండు వందలు. మిగతాదంతా దాన్ని దాచి తెచ్చినందుకు. అంత పోసినా అది అసలో నకిలీయో, ఎప్పటి సరుకో అడగడానికి బిల్లూ లేదు, కొట్టూ లేదు.

*బాబాయ్, నాది పాన్‌షాపు. ఒక సప్లయర్ ఈ మెషిన్లు నాలుగు పెట్టుకో, మార్జిన్ బాగుంటుంది, ఫారిన్‌లో ఓపెన్‌గా అమ్ముతున్నారు అంటున్నాడు. పెట్టుకోమంటావా?*
— గాజువాక నుంచి ఒక పాఠకుడు

వద్దు తమ్ముడూ. ఎస్సై స్థాయి అధికారి వచ్చి సోదా చేసి సరుకు పట్టుకుపోవచ్చు. సప్లయర్ ఫోను ఆ రోజు స్విచాఫ్‌లో ఉంటుంది. నిల్వ ఒక్కటే రుజువైనా ఆర్నెల్ల దాకా జైలో, యాభై వేల దాకా జరిమానానో, రెండూనో.

కేసు మాట పక్కన పెట్టు. మార్జిన్ అయినా ఎక్కడి నుంచి వస్తుంది? నీ కొట్టు దేని మీద నడుస్తుందో నాకు తెలియనిదా? బి షిఫ్టు దిగినవాడు బండి ఆపి, ఒక టీ, ఒక లూజు సిగరెట్టు తీసుకుంటాడు. దారం కట్టి వేలాడదీసిన లైటర్‌తో వెలిగించుకుని, నిలబడే రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతాడు. పెట్టె కొనేవాళ్లు ఎందరు? ఈ స్టిక్ లూజుగా అమ్ముడుపోదు. కొనేవాడి జేబులో ముందు వేలు పోసి కొన్న మెషిన్ ఉండాలి. దానికి ఛార్జింగ్ ఉండాలి. ఒక స్టిక్కు ఆరు నిమిషాలో, పద్నాలుగు దమ్ములో, ఏది ముందైతే అక్కడ మెషిన్ ఆగిపోతుంది. సగం తాగి ఆర్పి చెవి వెనక పెట్టుకోవడం కుదరదు. మన బజారుకు కుదిరే సరుకు కాదిది. రుషికొండ వైపు ఐటీ కుర్రాళ్లు నలుగురు అడగవచ్చు, వాళ్లు నీ దగ్గరికి రారు.

*సార్, నేను ఏయూలో ఎకనామిక్స్ పీజీ చేస్తున్నాను. సెమినార్‌కి ఈ టాపిక్ ఇచ్చారు. పేద దేశాల్లో ఈ కంపెనీలు మార్కెట్ ఎలా పెంచుకుంటున్నాయి? సిగరెట్లు అమ్ముకోనిచ్చి దీన్ని మాత్రం మన దేశం ఎందుకు నిషేధించింది?*
— ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

ప్రొఫెసర్లు చెప్పేది వాళ్లు చెబుతారు, ఏజెన్సీ గుమస్తా లెక్క నేను చెబుతాను.

ఈ వ్యాపారంలో లాభం మెషిన్‌లో లేదు, రోజూ కొనే స్టిక్‌లో ఉంది. ఫిలిప్ మోరిస్ ఐకాస్‌ను 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో మొదలుపెట్టింది. జపాన్‌లో అది అంతలా పాకడానికి ఒక కారణం, అక్కడ నికోటిన్ ద్రవం పోసే వేప్‌లు మందుల చట్టం కిందికి వస్తాయి కాబట్టి మామూలుగా అమ్మలేరు. పోటీయే లేదు. జనం చేతిలో డబ్బుంది, నలుగురిలో పొగ వదలకూడదన్న మొహమాటమూ ఉంది. తర్వాత బ్యాట్ (బ్రిటిష్ అమెరికన్ టొబాకో) గ్లో అనే మెషిన్‌తో, కొరియా కంపెనీ లిల్ అనే మెషిన్‌తో దిగాయి. 2024 నాటికి ఫిలిప్ మోరిస్ ఆదాయంలో దాదాపు 39 శాతం పొగలేని సరుకుల నుంచే వచ్చింది.

డబ్బున్న దేశాల్లో కుదురుకున్నాక మిగతావి. అక్కడ మెషిన్ ధరే అడ్డం. అందుకని ఫిలిప్పీన్స్‌లో బాండ్స్ అనే చౌక మెషిన్ దించారు. అదే 2022లో అక్కడ కొత్త చట్టం వచ్చి, ఈ సరుకులు కొనే వయసును 21 నుంచి 18కి దించింది, అజమాయిషీని ఆహార ఔషధ శాఖ నుంచి తీసి వాణిజ్య శాఖకు అప్పజెప్పింది. నీ సెమినార్‌కి ఇదొక్కటే చాలు. ఏ శాఖ చేతిలో పెట్టారో చూస్తే సరుకును ఏ కంటితో చూస్తున్నారో తెలిసిపోతుంది.

రెండోది పన్ను. స్టిక్‌లో పొగాకు పొడిని గ్లిజరిన్‌తో కలిపి రేకులా చేసి చుడతారు. సిగరెట్టులో ఉండేదాంట్లో సగానికి అటూఇటుగా ఉంటుంది పొగాకు. బరువును బట్టి పన్ను వేసే చోట కంపెనీకి కలిసొస్తుంది, స్టిక్‌ను లెక్కపెట్టి వేసే చోట కలిసిరాదు. అందుకే చట్టసభల దగ్గర అసలు పట్టుదల ఈ పన్ను పద్ధతి మీదే ఉంటుంది. దాని మీద పేపర్లలో రాసేవాళ్లు తక్కువ.

ఒప్పుకోని దేశాలూ ఉన్నాయి. బ్రెజిల్ 2009లోనే నిషేధించి, 2024లో మళ్లీ అదే మాట మీద నిలబడింది. వియత్నాం పార్లమెంటు 2024 నవంబరులో తీర్మానం చేసి 2025 నుంచి ఆపేసింది. ఆ కుర్రాడి బైక్ లాంటివి అన్నిచోట్లా తిరుగుతూనే ఉంటాయి, అది వేరే సంగతి.

ఇక మన దేశం. 2019 సెప్టెంబరు 18న నిర్మలా సీతారామన్ ఆర్డినెన్స్ గురించి ప్రకటించినప్పుడు చెప్పిన కారణం, పిల్లలు కొత్తగా అలవాటు పడుతున్నారని. అది నిజమైన భయమే, నేను కాదనను. కానీ 2016-17 జాతీయ సర్వే చూడు. పెద్దవాళ్లలో సిగరెట్లు తాగేవారు 4 శాతం, బీడీ 7.7 శాతం, గుట్కా ఖైనీ లాంటి పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. "సిగరెట్టు కన్నా మేలు" అన్న కంపెనీ వాదం ఇక్కడ ఆ నలుగురికే వర్తిస్తుంది. మిగతావాళ్లకు దానితో పనే లేదు. మన దేశంలో సిగరెట్లు చేసే ఐటీసీలో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీకి పెద్ద వాటా ఉంది, అందరికన్నా పెద్ద వాటాదారు ఆ గ్లో తయారుచేసే బ్యాటే! 2025లో జీఎస్టీ కౌన్సిల్ బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. చుట్టేవాళ్ల బతుకుతెరువు అన్నారు. చుట్టేవాళ్ల సంగతి సరే, తాగే కూలీ ఊపిరితిత్తుల లెక్క ఏ ఖాతాలో రాశారో అడగాలి. నిషేధం తప్పని నేననను. ఆ కోపంలో కొంత బీడీ మీద కూడా చూపించి ఉంటే బాగుండేదంటాను.

*మాకు కందుకూరు వైపు పొలం ఉంది, కౌలుకిచ్చాం, పొగాకే వేస్తున్నారు. ఈ కొత్త సిగరెట్లొస్తే మన పొగాకుకు గిరాకీ పెరుగుతుందా?*
— సీతమ్మధార పాఠకుడు

ఒక్కో స్టిక్‌లో పడే పొగాకే తక్కువ. ఆపైన పొడి చేసి రేకు పోస్తారు కాబట్టి ఆకు రంగుకు, నిగారింపుకు ఇచ్చే రేటు అక్కడ ఎందుకిస్తారు? దీని మీద ఆశ పెట్టుకుని కౌలు పెంచకండి.

*అంకుల్, మా నానమ్మ భీమిలి దగ్గర పల్లెలో ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ తాగుతుంది. మానమంటే వినదు. దుబాయ్‌లో ఉన్న మా బాబాయ్ ఆ హీట్ మెషిన్ తెచ్చిస్తానంటున్నాడు. చుట్ట కన్నా అది నయం కదా?*
— ఒక పాఠకుడు, పెదవాల్తేరు

బాబూ, తేవడం నేరమని పైనే రాశాను, మళ్లీ చెప్పను. అసలు ఇంట్లో మీరు మాట్లాడుకోవాల్సింది మెషిన్ గురించి కాదు.

తెలియని పాఠకుల కోసం: అడ్డపొగ అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ముఖ్యంగా ఆడవాళ్ల అలవాటు. నేను వ్యాన్ మీద వెళ్లే రోజుల్లో భీమిలి ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను చూసేవాణ్ణి. పెదాల మధ్య చుట్ట మొదలు మాత్రం కనిపించేది, పొగ ఆ మొదలు నుంచే సన్నగా వచ్చేది, మాట ఆగేది కాదు, చేతిలో పని ఆగేది కాదు. గాలికి నిప్పు ఆరదు, చంకలో పిల్ల మీద బూడిద రాలదు. అందుకే అలా అలవాటైందంటారు.

ఆ నిప్పు పైన తగిలేది అంగిటికి. అంగిట క్యాన్సర్‌కూ దీనికీ సంబంధం ఉందని డాక్టర్లు 1940ల నుంచే రాస్తున్నారు. శ్రీకాకుళం జిల్లాలో పది వేల మందికి పైగా పల్లె జనాన్ని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఉంది, అందులో 40 శాతానికి పైగా అడ్డపొగవాళ్లే. అంగిలి ముందు తెల్లబడుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు వస్తాయి. నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు కాబట్టి మీ నానమ్మ చూపించదు.

ఆవిడకు ఆ మెషిన్ ఇస్తే ఏమవుతుందో కూడా ఊహించుకో. ఛార్జింగ్ పెట్టేది ఎవరు? స్టిక్కులు పంపేది ఎవరు? అవి అయిపోయిన రోజు చుట్ట ఎలాగూ ఉంది. అప్పుడు రెండూ తాగుతుంది.

ఆవిడ నోరు తెరిపించి టార్చి వేసి పైకి చూడు. తెల్లగా ఉన్నా, పుండు ఉన్నా, ఏమీ కనిపించకపోయినా సరే, కేజీహెచ్‌కో అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో తీసుకెళ్లు. మానిపించడానికి 1800-11-2356కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది గానీ, కట్టుడు పళ్లుంటే నమలడం కష్టం, డాక్టర్నే అడుగు. వెళ్లే ముందు రోజుకు ఎన్ని చుట్టలు కొంటుందో ఆ పల్లె కొట్టువాణ్ణి కనుక్కుని వెళ్లు. నానమ్మను అడిగితే సగమే చెబుతుంది.