బూరకు కొమ్ము ఎక్కడ తేవాలి?

ప్రశ్న: మా తాతగారు పశువుల కాపరి. సాయంత్రం ఆయన గట్టు మీద నిలబడి కొమ్ము బూర ఊదితే చెదిరిన మందంతా ఇంటిదారి పట్టేదని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి బూరలు, వాటితోపాటు దువ్వెనలు, కత్తిపిడులు చేసి అమ్మాలనుకుంటున్నాను. కొమ్ములు ఎక్కడ దొరుకుతాయి? అడవిలో రాలిపడిన దుప్పి కొమ్ములు తెచ్చిస్తానని ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, పాతపట్నం

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను: తీసుకోకండి. గేదె తల మీద ఉన్నదాన్నీ, దుప్పి తల మీద ఉన్నదాన్నీ తెలుగులో ఒకే మాటతో కొమ్ము అంటాం కాబట్టి రెండూ ఒకటేననిపిస్తుంది గాని, అవి వేర్వేరు పదార్థాలు. గేదె కొమ్ములో పుర్రె నుంచి పెరిగిన ఎముక ఉంటుంది, దాని మీద మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే పదార్థమే దళసరి తొడుగులా పేరుకుంటుంది. ఆ తొడుగు ఏటేటా రాలేది కాదు. దుప్పి, కణుజు కొమ్ములు అచ్చంగా ఎముక. అవి రాలి, మళ్లీ మొలుస్తాయి. వాటిలో బోలు ఉండదు కాబట్టి, చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ బూరకు అవి పనికిరావు.

చట్టం సంగతి పక్కన పెట్టడానికి మాత్రం వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల కొమ్ములతో వ్యాపారం చేయకూడదు. జంతువును ఎవరూ చంపలేదు, కొమ్ము దానంతటదే రాలింది అన్న వాదన నిలబడదు. ప్రభుత్వ ఆస్తిగా లెక్కకు వచ్చే ఇలాంటి వస్తువు ఎలా చేతికి వచ్చినా 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గాని, అటవీ అధికారికి గాని తెలియజేయాలని అదే చట్టం చెబుతోంది. కృష్ణజింక, అడవిదున్న కొమ్ములు గేదె కొమ్ముల్లా బోలుగానే ఉంటాయి గాని, వాటి జోలికి అసలే వెళ్లకూడదు.

ఇక మీకు కావలసింది పెంపుడు గేదె కొమ్ము. మీ ఊరికి పక్కనే, ఒడిశా సరిహద్దు దాటగానే వచ్చే పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న పట్టణం. 1936 వరకు అది మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, తెలుగు అక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది. ముందుగా అక్కడి పనివారిని కలవండి. సరుకు ఎక్కడ తెస్తారో చెప్పడమే కాదు, కొమ్మును వేడిచేసి ఎలా వంచుతారో కూడా కళ్లారా చూడవచ్చు. రెండో దారి, అనుమతి ఉన్న కబేళాల నుంచి సరుకు తీసుకునే తోలు వ్యాపారులు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం గోవధను నిషేధించింది, గేదెలకైనా అధికారి ధ్రువపత్రం ఉండాలి. అందుకని ఎంత చిన్న బేరమైనా, ఏ పశువు కొమ్ములో, ఎన్నో రాసిన రసీదు అడిగి తీసుకోండి.

ఊళ్లో చచ్చిన పశువు కొమ్ములు ఉచితంగా వస్తాయి కదా అని చాలామంది అంటారు. ముసలితనంతో పోయిన గేదె విషయంలో అభ్యంతరం లేదు. అయితే ఏ జబ్బూ కనబడకుండా హఠాత్తుగా పడి చనిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారిన పశువును తాకవద్దు. అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఆ రోగబీజాలు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, మామూలుగా మరిగించినంత మాత్రాన పూర్తిగా చస్తాయని నమ్మలేం, కొమ్మును రంపంతో కోసినప్పుడు లేచే పొడితో ఊపిరితిత్తుల్లోకి చేరగలవు. పశువైద్యుణ్ణి పిలవడమే మీ పని. మామూలు కొమ్మును కోసేటప్పుడు కూడా ముక్కుకు గుడ్డ చాలదు, మంచి మాస్కు ఉండాలి.

పచ్చి కొమ్ము తెచ్చుకుంటే కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టండి. వాసన భరించలేరు, ఇంటికి దూరంగా పెట్టండి. లోపలి ఎముకకూ తొడుగుకూ మధ్య ఉన్న పొర కుళ్లాక, ఎముకను పట్టి మెలితిప్పితే ఊడివస్తుంది. తర్వాత నీడలోనే ఆరనివ్వండి. ఎండలో పెడితే పొరలు విడి పగుళ్లు వస్తాయి. బూరకు ఎంచుకునేటప్పుడు మొదలు వైపు నుంచి సన్నని తీగను లోపలికి పోనిచ్చి, అది ఆగినచోటును తీగ మీద గుర్తుపెట్టి, ఆ కొలతను కొమ్ము పైన పెట్టి చూడండి. అక్కడి నుంచి కొన దాకా గట్టిగా, నిండుగా ఉంటుంది. కొనను పూర్తిగా కోసేయకుండా అంగుళమో, రెండంగుళాలో మిగిల్చి, అందులో రంధ్రం తొలిచి, పెదవి ఆనేచోటును గిన్నెలా నున్నగా చెక్కితే ఊదేందుకు వీలవుతుంది. కొమ్ము పొడవైన కొద్దీ గొంతు బొంగురుగా, కిందిస్థాయిలో పలుకుతుంది. మందను పిలవడానికి అదే కావాలి.

ప్రశ్న: సంతలో కొన్న కొమ్ము దువ్వెన అసలుదో ప్లాస్టిక్‌దో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఉన్న పాతదానికి సన్నని చిల్లులు ఎందుకు పడ్డాయి?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కనబడనిచోట కాల్చిన సూదిమొన ఆనించి చూడండి. వెంట్రుక కాలిన వాసన వస్తే కొమ్మే. వెలుతురుకు పట్టి చూస్తే అసలుదానిలో చారలు ఒకదానికొకటి పోలికలేకుండా ఉంటాయి. చిల్లులు పురుగు పని: ఉన్నినీ తోలునూ తినే పురుగులే కొమ్మునూ తింటాయి. మురికిని బ్రష్‌తో దులిపి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో రెండు కలరా ఉండలు వేసి దాచండి.